వార్తల్లో పదం: ఆర్జిత సెలవు

పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో ‘ఈఎల్’ అనేది దీన్నే. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేస్తేనే జీతంతో కూడిన ఈ సెలవు దక్కేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ దాన్ని 180 రోజులకు తగ్గించింది. లెక్క పాతదే: 20 రోజుల పనికి ఒక రోజు. అంటే 180 హాజర్లకు 9 సెలవులు.

కాంట్రాక్టరు కింద పనిచేసేవారికీ ఈ హక్కుంది. ఎక్కువగా నష్టపోయేదీ వాళ్లే. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి ఏడెనిమిది నెలలు కష్టపడి ఊరెళ్లినవారికి ఆ 240 నిండేది కాదు. అర్హత లెక్కలో ప్రసూతి సెలవునూ కలపాలి. వాడుకోనివి 30 దాకా మరుసటి ఏడాదికి చేరతాయి. పని మానేసినా, తీసేసినా మిగిలిన సెలవులకు డబ్బు కట్టాల్సిందే. జీతం చీటీలో ఈఎల్ గడి ఖాళీగా ఉంటే మస్టరు చూపించమని అడగండి.