పొదుపే తొలి పెట్టుబడి: మహానంది పరిసర గ్రామీణ గృహాల్లో దశలవారీ పర్యావరణహిత మార్పులు

నల్లమల కొండల పాదాన వెలసిన మహానంది క్షేత్రంలో ఊటనీరు ఏడాది పొడవునా పారుతుంది. భక్తులు స్నానమాచరించే పుష్కరిణుల నుంచి వెలుపలికి వచ్చే ఆ నీరు వృథా కాదు. దిగువనున్న పొలాలకు, అరటి తోటలకు సాగునీరుగా ఉపయోగపడుతుంది. ఒకే నీటితో రెండు ప్రయోజనాలు పొందే ఈ పద్ధతి ఆ ప్రాంత ప్రజలకు తరతరాలుగా పరిచితమే. అయితే ఊటనీరు, కాలువ నీరు అందని మెట్ట గ్రామాల్లో పరిస్థితి వేరు. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 670 మి.మీ. మాత్రమే. వాన ముఖం చాటేసిన ఏడాది పంట ఆదాయం పడిపోయినా వంట గ్యాసు, విద్యుత్తు, కూరగాయలు, ఎరువుల ఖర్చులు మాత్రం తగ్గవు. ఆదాయాన్ని పెంచుకోవడం రైతు చేతిలో లేని సంవత్సరాల్లో సైతం ఇంటి ఖర్చును కొంతమేరకు తగ్గించుకోవడం అతని చేతిలో ఉంటుంది. పర్యావరణానికి మేలు చేసే గృహ మార్పులను విస్తరణ కార్యకర్తలు ఈ కోణం నుంచి పరిచయం చేయవలసి ఉంది.

గత అనుభవాలు నేర్పిన పాఠం

గ్రామీణ గృహాలకు పర్యావరణహిత సాంకేతికతను అందించే ప్రయత్నాలు కొత్తవి కావు. జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి పథకం 1981-82లో మొదలైంది. 1980 దశకంలోనే పొగరాని పొయ్యిల జాతీయ కార్యక్రమం ఆరంభమై, 2002లో ముగిసింది. రెండింటి ఆశయాలూ ఉన్నతమైనవే. అయినా అనేక గ్రామాల్లో గోబర్ గ్యాస్ ప్లాంట్లు మూలపడ్డాయి. పొగగొట్టాలు మసిబారి పూడుకుపోయాక గృహిణులు తిరిగి మూడు రాళ్ల పొయ్యినే ఆశ్రయించారు. ట్రాక్టర్ల రాకతో కాడెద్దులు తగ్గిపోయిన ఇళ్లలో ప్లాంటుకు చాలినంత పేడ లభించలేదు. ఊరికి వచ్చిన పొయ్యి మరమ్మతు చేసే మనిషి లేక పనికిరాకుండా పోయింది.

దీనికి భిన్నంగా, 2015 జనవరి 5న జాతీయ స్థాయిలో ప్రారంభమైన ఉజాలా పథకం ద్వారా ఎల్‌ఈడీ బల్బులు కొద్ది సంవత్సరాల్లోనే మారుమూల ఇళ్లకు చేరాయి. 60 వాట్ల పాత బల్బు స్థానంలో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అమర్చి, రోజుకు 5 గంటలు వెలిగిస్తే సంవత్సరానికి దాదాపు 93 యూనిట్లు ఆదా అవుతాయి. బల్బు ఖరీదు కొద్ది నెలల్లోనే తిరిగి వస్తుంది. ఇంటివారి అలవాటు మారనవసరం లేదు, శ్రమ పెరగలేదు, మరమ్మతుల బెడద లేదు.

ఈ రెండు అనుభవాలను పక్కపక్కన ఉంచి చూస్తే మూడు ప్రశ్నలు ముందుకు వస్తాయి. పెట్టుబడి ఎంత కాలంలో తిరిగి వస్తుంది? ఇంట్లో ఎవరి శ్రమ పెరుగుతుంది? అవసరమైన ముడిసరుకు ఏడాది పొడవునా దొరుకుతుందా? ఏ మార్పునైనా సిఫారసు చేసే ముందు ఈ మూడింటికీ సమాధానం చెప్పగలగాలి. అన్నింటినీ ఒకేసారి మోపక, ఒక మార్పు మిగిల్చిన సొమ్మును తరువాతి మార్పుకు పెట్టుబడిగా మలచే క్రమం మెట్ట ప్రాంత కుటుంబాలకు అనుకూలం. అప్పు లేకుండా సాగడం ఈ క్రమంలోని ప్రధాన సుగుణం.

మొదటి మెట్టు: లెక్క రాయడం, ఖర్చు లేని మార్పులు

తొలి మూడు నెలలు కొనుగోళ్లేవీ అవసరం లేదు. ఒక నోటు పుస్తకంలో విద్యుత్తు యూనిట్లు, గ్యాసు సిలిండరు మార్చిన తేదీలు, కూరగాయలపై ఖర్చు, కొన్న ఎరువుల బస్తాలు రాస్తే చాలు. సిలిండరు ఎన్ని రోజులు వచ్చిందో రాయని ఇంట్లో ఇంధనం ఆదా అయిందో లేదో చెప్పడం సాధ్యం కాదు.

ఇదే కాలంలో ఖర్చు లేని అలవాట్లను ప్రవేశపెట్టవచ్చు. శనగలు, అలసందలు, కొర్రబియ్యం ముందుగా నానబెట్టి వండడం, పాత్రపై మూత పెట్టడం, పదార్థం ఉడుకు పట్టగానే మంట తగ్గించడం ఇంధనాన్ని మిగులుస్తాయి. తడి చెత్తను, ప్లాస్టిక్‌ను వేరు చేయడం కూడా ఇప్పుడే అలవాటు కావాలి. ఆ తడి చెత్తే మూడో మెట్టుకు ముడిసరుకు.

రెండో మెట్టు: వాడిన నీరు, పెరటి తోట

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ తలసరి రోజుకు 55 లీటర్ల నీటిని లక్ష్యంగా నిర్దేశించింది. ఐదుగురున్న ఇంటికి ఇది 275 లీటర్లు. స్నానం, పాత్రలు కడగడం ద్వారా ఇందులో సగం పెరటికి మళ్లినా రోజుకు 135 లీటర్లకు పైగా లభిస్తాయి. అరటి, బొప్పాయి, మునగ, కరివేపాకు మొక్కలు నాలుగైదింటిని వేసవిలో బతికించుకోవడానికి ఈ నీరు ఉపకరిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నంద్యాల పరిసరాల్లోని నల్లరేగడి నేలలు సహజంగానే క్షార స్వభావం కలవి. బట్టలు ఉతికిన సబ్బు నీటిలోని సోడియం ఏళ్ల తరబడి ఒకే చోట చేరితే నేల గట్టిపడి, నీరు ఇంకడం తగ్గుతుంది. కాబట్టి స్నానపు నీటిని, పాత్రలు కడిగిన నీటిని చెట్ల పాదులకు, సబ్బు పొడి ఎక్కువగా కలిసిన నీటిని ఇంకుడు గుంతకు మళ్లించడం మేలు. పాదులను మార్చి మార్చి తడపాలి. పచ్చిగా తినే కొత్తిమీర, ఉల్లికాడల వంటి వాటికి వాడిన నీరు పెట్టరాదు. బిందెలతో మోయవలసి వస్తే ఆ పని ఇంటి మహిళ మీదే పడుతుంది, నెల తిరగకుండానే ఆగిపోతుంది. స్నానాల గది నుంచి పాదుల వరకు వాలు చూసి గొట్టం వేయడమే ఈ మెట్టులోని ముఖ్యమైన ఖర్చు.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు ఒక్కొక్కరికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు అవసరమని సూచించాయి. ఐదుగురికి నెలకు 60 కిలోలు కావాలి. అందులో నాలుగో వంతు పెరటి నుంచి వచ్చినా 15 కిలోలు. కిలో రూ. 30 చొప్పున లెక్కిస్తే నెలకు రూ. 450 మిగులుతుంది. నిజానికి చాలా కుటుంబాలు ఇంత పరిమాణంలో కూరగాయలు కొనడం లేదు. అటువంటి ఇంట్లో పెరటి తోట ఫలితం డబ్బు రూపంలో కంటే ఆహార నాణ్యత రూపంలో ఎక్కువగా కనిపిస్తుంది. పుస్తకంలో దాన్ని కూడా నమోదు చేయాలి.

వాన నీటి విషయం ఇక్కడే ప్రస్తావించదగినది. 670 మి.మీ. వర్షపాతమున్న చోట 50 చదరపు మీటర్ల మిద్దె మీద పడే వానలో 80 శాతాన్ని సేకరించగలిగితే ఏడాదికి సుమారు 27 వేల లీటర్లు. ఇంత నీటిని నిల్వ చేయడం సాధ్యం కాకున్నా, ఇంకుడు గుంతలోకి మళ్లిస్తే పెరటి నేలలో తేమ నిలుస్తుంది.

మూడో మెట్టు: అరటి బోదెల నుంచి ఎరువు

మహానంది పరిసరాల్లో అరటి గెలలు కోసిన తరువాత బోదెలు తోటలోనో గట్ల మీదనో పడి కుళ్లుతుంటాయి. పంట తీసుకున్న పొటాష్‌లో గణనీయమైన భాగం ఈ బోదెల్లోనే ఉంటుంది. వీటిని పారవేసి, పొటాష్ ఎరువును బజారులో కొనడం రెండు విధాల నష్టం.

బోదెలను చిన్న ముక్కలుగా నరికి, ఒకటి రెండు రోజులు వాడనివ్వాలి. తరువాత పేడ, ఎండుటాకులు, జొన్న చొప్ప, వంటింటి తడి చెత్తతో పొరలు పొరలుగా పేర్చి రెండు మూడు వారాలు మగ్గనివ్వాలి. కుప్పలోని వేడి తగ్గిన పిదప వానపాములను వదలాలి. తేమ ఆరకుండా, ఎండ తగలకుండా చూసుకుంటే దాదాపు రెండు నెలల్లో వర్మికంపోస్టు సిద్ధమవుతుంది. తొలి ప్రయత్నానికి సిమెంటు తొట్టె అవసరం లేదు. చెట్టు నీడలో మీటరు వెడల్పు మడి, పైన తడి గోనెసంచులు చాలు. పద్ధతి చేతికి వచ్చి, పొలానికి సరిపడా ఎరువు కావాలనుకున్నప్పుడే తొట్టెల మీద ఖర్చు పెట్టడం ఉచితం.

మహిళా సంఘాల ఆధారంగా 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఘన, ద్రవ జీవామృతాలను గ్రామాలకు పరిచయం చేసింది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపి చేసే ద్రవ జీవామృతం ఎకరానికి సరిపోతుందని ఆ కార్యక్రమం చెబుతుంది. ఒకటి రెండు పశువులున్న ఇంట్లో పేడ అటు కంపోస్టుకు, ఇటు జీవామృతానికి, మరోవైపు పిడకలకు పంచవలసి వస్తుంది. ఎంత పేడ దేనికి పోతున్నదో లెక్క చూసుకోకుండా మరో పథకాన్ని నెత్తికెత్తుకుంటే అన్నీ కుంటుపడతాయి.

నాలుగో మెట్టు: పాతది చెడినప్పుడే కొత్తది

సాధారణ సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లు తీసుకుంటాయి. రోజుకు 12 గంటలు, ఏడాదిలో 300 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యానుకు 162 యూనిట్లు తగ్గుతాయి. గృహ విద్యుత్తు ధర శ్లాబులవారీగా పెరుగుతుంది కనుక తగ్గిన యూనిట్లు ఎప్పుడూ ఖరీదైన పై శ్లాబు నుంచే తగ్గుతాయి. అయినా బాగా పనిచేస్తున్న ఫ్యానును తీసివేయడం లాభసాటి కాదు. పాతది చెడిపోయినప్పుడు రెండింటి ధరల మధ్య తేడా మాత్రమే అదనపు పెట్టుబడి అవుతుంది. అది త్వరగా తిరిగి వస్తుంది.

చివరి మెట్టు: బయోగ్యాస్, సౌర విద్యుత్తు

కిలో పేడ నుంచి సుమారు 0.04 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, దాదాపు అంతే నీరు అవసరం. అంటే నాలుగైదు పెద్ద పశువులుండాలి. ఘనపు మీటరు బయోగ్యాసు సుమారు 0.43 కిలోల వంట గ్యాసుకు సమానం. ఆ లెక్కన 1 ఘనపు మీటరు ప్లాంటే నెలకు 12.9 కిలోల గ్యాసుకు, అంటే 14.2 కిలోల సిలిండరులో అధిక భాగానికి సరిసమానం. రెండు మూడు పశువులున్న చిన్న కుటుంబానికి ఇది చాలు. పశువుల సంఖ్యకు మించిన ప్లాంటు కట్టుకున్న ఇంట్లో అది త్వరలోనే ఖాళీ తొట్టెగా మిగులుతుంది. వేసవిలో తాగునీటికే ఇబ్బంది పడే గ్రామంలో ప్లాంటుకు నీరెక్కడి నుంచి వస్తుందో ముందే తేల్చుకోవాలి. వెలువడే స్లర్రీ ఎరువుగా పనికివస్తుంది కనుక కంపోస్టుకు ప్రత్యేకంగా పేడ వెచ్చించవలసిన అవసరం తగ్గుతుంది.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాటుకు రూ. 30,000, 2 కిలోవాట్లకు రూ. 60,000, 3 కిలోవాట్లు, ఆపైన రూ. 78,000 రాయితీని ప్రకటించారు. 1 కిలోవాటు పలకలు రోజుకు సగటున 4 యూనిట్ల వరకు ఇస్తాయి. నెలకు 80 యూనిట్లలోపు వాడే ఇంటికి తక్కువ శ్లాబు ధర వర్తిస్తుంది కనుక పెట్టుబడి తిరిగి రావడానికి ఎక్కువ కాలం పడుతుంది. ముందుగా వాడకం తగ్గించి, తగ్గిన వాడకానికి తగిన పరిమాణంలో పలకలు అమర్చుకోవాలి. తొలి నాలుగు మెట్లు దాటిన ఇంటికి చిన్న వ్యవస్థే సరిపోతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థుల పాత్ర

మహానంది వ్యవసాయ కళాశాల వంటి సంస్థల విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో భాగంగా గ్రామాల్లో నెలల తరబడి నివసిస్తారు. పంట వ్యయాన్ని నమోదు చేసే వారు గృహ వ్యయాన్ని కూడా నమోదు చేయవచ్చు. ఒక విద్యార్థి రెండు మూడు ఇళ్లను ఎంచుకుని, ఒక్కో ఇంట్లో ఒకే ఒక్క మార్పును పరిచయం చేసి, ముందు వెనుకల లెక్కలను పోల్చితే అది విలువైన క్షేత్ర సమాచారం అవుతుంది. తరువాతి సంవత్సరం వచ్చే బృందం అవే ఇళ్లకు వెళ్లి, ఆ మార్పు కొనసాగుతున్నదా, ఆగిపోయిందా అని పరిశీలించాలి.

ఆగిపోయిన ఇళ్ల నివేదికలే అత్యంత ఉపయోగకరమైనవి. గొట్టం పగిలిందా, పేడ చాలలేదా, గృహిణికి తీరిక లేకపోయిందా అన్న కారణాలు తెలిస్తేనే సిఫారసు మెరుగవుతుంది. ప్రదర్శనకు వచ్చిన రోజున ఎందరు హాజరయ్యారన్న సంఖ్య కన్నా, రెండో వేసవి తరువాత ఎందరి పెరట్లో కరివేపాకు చెట్టు పచ్చగా ఉన్నదన్న సంఖ్యే విస్తరణ కృషికి సరైన కొలత.

మెట్ట రైతు కుటుంబం పర్యావరణాన్ని ప్రేమించదని ఎవరూ అనలేరు. నీటి విలువ, పశువు విలువ తెలిసిన కుటుంబమది. దానికి కొరవడినది ముందుగా వెచ్చించే సొమ్ము, ఓడిపోతే తట్టుకునే శక్తి. ఆ రెండింటినీ గౌరవిస్తూ, చిన్న మార్పుతో మొదలై దాని పొదుపుతోనే ముందుకు సాగే పద్ధతి ఇంటి ఆర్థిక స్థితిని, నేల సారాన్ని కలిపి కాపాడుతుంది.