కూతపెట్టే బొమ్మ రైలింజను - ఎంచుకోవడం ఎట్లా?

బొమ్మ రైలు అనగానే తిరునాళ్ళలో తాళంచెవి తిప్పి వదిలే రేకు బండి చాలామందికి గుర్తుకు వస్తుంది. బోయకొండ గంగమ్మ గుడికి పోయివచ్చే దారిలో పిల్లకాయలు మారాం చేసి కొనిపించుకునేది అదే. నేను ఇక్కడ రాయబోయేది దాని సంగతి కాదు. అసలు రైలింజనును అంగుళం అంగుళం కొలిచి, దాన్ని ఎనభై ఏడో వంతుకు తగ్గించి, లోపల మోటారు, గేర్లు, ఒక చిన్న కంప్యూటరు చిప్పు, బొటనవేలి గోరంత స్పీకరు అమర్చిన యంత్రం గురించి. మా పుంగనూరు ఆవును చూశారు కదా, నడుము ఎత్తు కూడా ఉండదు. అయినా అది బొమ్మ ఆవు కాదు, మేత మేసి పాలిచ్చే ఆవే. ఈ ఇంజనూ ఆ జాతిదే అనుకోండి.

ఈ వ్యవహారం నా నెత్తిన పడటానికి కారణం మా భౌతికశాస్త్ర సంఘం. ఈ ఏడు విజ్ఞాన ప్రదర్శనలో కుప్పం స్టేషను నమూనా ఒకటి కట్టి, దానిమీద ఇంజను నడిపి చూపాలని తీర్మానం చేశారు. విద్యార్థులందరూ తలా కొంత వేసుకున్నారు. డిజిటల్ శబ్దం ఉన్న ఇంజను విదేశం నుంచి తెప్పిస్తే, సుంకంతో కలిపి పాతిక ముప్పై వేల దాకా అవుతుంది. నడిపే కంట్రోలరు ఖర్చు వేరే. అంటే ఒక్కటే కొనగలం. చెడిపోతే బాగుచేసే మనిషి చుట్టుపక్కల ఎక్కడా లేడు. చౌడేపల్లెకు రైలే లేదు, పుంగనూరుకూ లేదు. మదనపల్లె రోడ్డు స్టేషను పేరుకు మదనపల్లెదే గానీ ఊరికి ఆమడ దూరం. ఇట్లాంటి చోటునుంచి వచ్చిన నన్నే రైలు కొనమన్నారంటే మిత్రుల హాస్యప్రియత్వం తెలుస్తూనే ఉంది. అయితే ఒప్పుకోవడానికి నాకు ఇంకొక కారణం కూడా ఉంది. అది తర్వాత చెబుతాను.

ముందు డిజిటల్ అంటే ఏమిటో చూద్దాం. పాత పద్ధతిలో పట్టాల మీదికి 0 నుంచి 12 వోల్టుల డి.సి. కరెంటు పంపేవారు. వోల్టేజి పెంచితే బండి వేగంగా పోతుంది, తీగలు మారిస్తే వెనక్కు పోతుంది. చిక్కేమిటంటే, ఆ పట్టాల మీద రెండు ఇంజన్లు ఉంటే రెండూ కదులుతాయి. బండి నిలిచిందంటే కరెంటు లేదన్నమాట, దీపమూ వెలగదు, శబ్దమూ రాదు. డిజిటల్ పద్ధతిలో పట్టాల మీద ఎప్పుడూ 14, 15 వోల్టులు నిండుగా ఉంటాయి. ఆ కరెంటు దిశ క్షణక్షణానికీ తిరగబడుతూ ఉంటుంది. ఒక్కొక్క సగం 58 మైక్రోసెకండ్లు ఉంటే దాన్ని 'ఒకటి' అనీ, 100 మైక్రోసెకండ్లు లేక అంతకు మించి ఉంటే 'సున్న' అనీ చదువుకోవాలి. ఈ ఒకట్లు సున్నలతోనే ఆజ్ఞలు పోతాయి. ప్రతి ఇంజనుకూ ఒక నెంబరు ఉంటుంది. మన క్లాసులో హాజరు పిలిచినట్టే: లెక్చరరుగారు నెంబరు 3 అంటే ఆ నెంబరువాడే పలకాలి, మిగతావాళ్ళు వినీ విననట్టు కూర్చోవాలి. (దొంగ హాజరు పలికే సౌకర్యం మాత్రం ఇందులో లేదు.) ఆజ్ఞను విని మోటారును, దీపాలను, శబ్దాన్ని నడిపే చిప్పును డీకోడరు అంటారు. జర్మనీకి చెందిన లెంజ్ కంపెనీ పద్ధతిని ఆధారం చేసుకొని అమెరికాలోని నమూనా రైళ్ళ సంఘం 1990 దశకంలో దీన్ని అందరికీ ప్రమాణంగా చేసింది. డి.సి.సి. అంటున్నది దీన్నే. ఆ ప్రమాణం పాటించిన ఏ కంపెనీ ఇంజనైనా ఏ కంపెనీ కంట్రోలరుతోనైనా నడుస్తుంది.

ఇక శబ్దం. అసలు ఇంజను దగ్గర మైకు పెట్టి ముక్కలు ముక్కలుగా రికార్డు చేస్తారు. డీజిలు ఇంజనుకు త్రాటిల్ ఎనిమిది మెట్లు ఉంటుంది, ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క శబ్దం. డీకోడరు మోటారుకు కరెంటు ఇస్తూ ఇస్తూ రెప్పపాటు ఆపి, ఆ క్షణంలో తిరుగుతున్న మోటారు తానే డైనమోలాగా ఎంత వోల్టేజి పుట్టిస్తున్నదో కొలుస్తుంది. దాన్నిబట్టి బండి నిజంగా ఎంత వేగంలో ఉందో, ఎంత బరువు లాగుతున్నదో తెలుసుకొని తగిన శబ్దాన్ని ఎత్తుకుంటుంది. మనం పరీక్షల కోసం బట్టీపట్టిన బ్యాక్ ఇ.ఎం.ఎఫ్. అంటే ఇదే. దాన్ని నేను మొదటిసారి ప్రేమించింది ఇక్కడే.

మనకు కావలసిన శబ్దం ఏది? పట్టాల పక్కన పెరిగిన వాళ్ళను అడిగితే ఆల్కో అంటారు. డబ్ల్యు.డి.ఎం.-2 ఇంజన్లు 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీనుంచి మొదట వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో తయారైనాయి. నలభై ఏండ్ల పాటు మన బండ్లను లాగింది ఎక్కువగా ఈ జాతే. ఇప్పుడు మన రాష్ట్రంలో బ్రాడ్ గేజి దారులన్నీ దాదాపుగా కరెంటువి అయిపోయినాయి. ఆల్కోలు తగ్గిపోతున్నాయి, వాటితోపాటు ఆ గుడగుడ కూడా.

నేను దాచిపెట్టిన కారణం ఇదే. మా చిన్నాయన గుత్తి డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరై చౌడేపల్లెలో ఉన్నాడు. సంగతి విని, "అబ్బోడా, ఆల్కో శబ్దం వచ్చేదైతే నేనూ ఐదు వేలు ఇస్తా. ఇంగొకటైతే పైసా ఇయ్యను" అన్నాడు. ఆ మాటతో నా పరీక్ష కఠినమైంది. ఎందుకంటే సిద్ధంగా దొరికే మన దేశపు ఇంజన్ల నమూనాలు చాలా అరుదు. అమెరికావి కొని వాటిమీద మన బండి పైతొడుగు కట్టుకోవాలి. అందుకు ఆల్కోవారే 1956 నుంచి 1960 దాకా తయారుచేసిన ఆర్.ఎస్.డి.-15 దగ్గరి చుట్టం. అదే 251 తరగతి, పదహారు సిలిండర్ల యంత్రం, మూడేసి ఇరుసుల ట్రక్కులు.

సెల్‌ఫోనులో మూడు నమూనా ఇంజన్ల శబ్దాలు దించుకొని, బొమ్మ కనపడకుండా చిన్నాయనకు వినిపించాను. మొదటిది విని, "ఆల్కోనే. అయితే పెద్దది కాదు, వై.డి.ఎం. కాదు, నడిమిది" అన్నాడు. చూస్తే అది పన్నెండు సిలిండర్ల ఆర్.ఎస్.-11. రెండోదానికి, "ఇది కృష్ణరాజపురం షెడ్డు బండ్ల మాదిరి ఉండాది, మనది కాదు" అన్నాడు. అది ఇ.ఎం.డి. 710 యంత్రం. మన డబ్ల్యు.డి.పి.-4లో ఉన్నదీ అదే, టూ స్ట్రోక్ కాబట్టి దాని నాదం వేరు. మూడోదానికి ఏమీ అనలేదు. ఫోను చేతిలోకి తీసుకొని ఇంకోసారి పెట్టమన్నాడు. అది ఆర్.ఎస్.డి.-15. కొంతసేపటికి, "హారను మాత్రం మనది కాదు" అన్నాడు. నిజమే. అమెరికావాళ్ళది ఐదు గొంతుల హారను, పైగా గంట కూడా మోగుతుంది. మన బండ్లకు గంట లేదు, హారను రెండు గొంతులది.

ఇందువల్ల తేలింది ఏమంటే, శబ్దాన్ని తర్వాత మార్చుకునే వీలున్న డీకోడరు కావాలి. జర్మనీ ఇ.ఎస్.యు. వారి లోక్‌సౌండ్‌లో గానీ, వియన్నా జిమో వారి దానిలో గానీ మనం రికార్డు చేసిన శబ్దాన్ని ఎక్కించుకోవచ్చు. అమెరికా సౌండ్‌ట్రాక్స్ వారి సునామీలో చాలా హారన్లు ముందే ఉంటాయి, వాటిలోనుంచి ఏరుకోవాలే తప్ప మనది పెట్టడానికి లేదు. అది నాసిరకమని కాదు, మన పనికి కుదరదు.

ఒక చిన్న లెక్క చెబితే గానీ నాకు తృప్తి ఉండదు. ఫోర్ స్ట్రోకు యంత్రంలో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. పదహారు సిలిండర్లయితే చుట్టుకు ఎనిమిది పేలుళ్ళు. డబ్ల్యు.డి.ఎం.-2 నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 400 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు సుమారు 53 పేలుళ్ళు. పూర్తి వేగంలో 1000 చుట్లు, 133 పేలుళ్ళు. గోరంత స్పీకరు ఇంత లోతు స్వరాన్ని పలకనే పలకలేదు! మరి చిన్నాయన ఎట్లా గుర్తుపట్టాడు? మూలస్వరం లేకపోయినా దాని పై స్వరాలు వినిపిస్తే మన మెదడే కింది స్వరాన్ని పూరించుకుంటుంది. ఆ పై స్వరాలైనా సరిగా రావాలంటే స్పీకరు వెనుక గాలి దూరని చిన్న పెట్టె ఉండాలి. లేకుంటే ముందు అల, వెనుక అల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కొనేముందు ఈ పెట్టె ఉందో లేదో తప్పక అడగండి.

శబ్దం ఎంత బాగుంటే అంత అనుమానించాలి కూడా. గేర్ల రొదను శబ్దం కప్పిపెడుతుంది. చాలా ఇంజన్లలో ఎనిమిదో బొత్తాం నొక్కితే శబ్దం ఆగిపోతుంది. అట్లా నోరు మూయించి నడిపి చూస్తేనే మోటారు గుణం బయటపడేది. కరకరలాడినా, ఒకే చోట ఎక్కినట్టు దిగినట్టు కదిలినా, ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు పగిలి ఉండవచ్చు. సెకండ్‌హాండువాటిలో ఇది మామూలే. తర్వాత నెమ్మది పరీక్ష. అసలు బండి గంటకు 5 కిలోమీటర్ల నడకతో పోతే, ఎనభై ఏడో వంతులో అది సెకనుకు సెంటీమీటరున్నర చిల్లర. ఆ వేగంలో కుదుపు లేకుండా పోవాలి. వేగంగా పరుగెత్తడం ఏ బొమ్మైనా చేస్తుంది.

మన వైపు అన్నిటికంటే పెద్ద శత్రువు ఎర్రదుమ్ము. చక్రం ద్వారానే కరెంటు, చక్రం ద్వారానే ఆజ్ఞ. నడుమ ఒక్క దుమ్మురేణువు అడ్డుపడితే శబ్దం తెగి, ఇంజను మళ్ళీ మొదటినుంచి స్టార్టు అవుతుంది. చూసేవాళ్ళు నవ్వుతారు. కాబట్టి ఆరు ఇరుసుల చక్రాలన్నీ కరెంటు తీసుకునేది, క్షణకాలం కరెంటు నిలుపుకునే కెపాసిటరు ఉన్నది చూడాలి. లాగుడు బలం కోసం కొన్నింటికి చక్రాలకు రబ్బరు పట్టీలు వేస్తారు. ఆ చక్రాలు కరెంటు తీసుకోవు. నాలుగు పెట్టెలు లాగే మనకు అవి వద్దు. పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడవాలి. గరుకు కాగితంతో రుద్దితే గీతలు పడి, వాటిలో దుమ్ము ఇంకా చేరుతుంది.

ప్రకటనల్లో మాటలు జాగ్రత్తగా చదవాలి. 'డి.సి.సి. రెడీ' అంటే డీకోడరు ఉందని కాదు, పెట్టుకోవడానికి సాకెట్టు మాత్రం ఉందని. పక్క కాలేజీ మిత్రుడొకడు ఆ మాట నమ్మి ఒక అంగట్లో కొని, మూగ ఇంజను ఇంటికి తెచ్చుకున్నాడు. 'సౌండ్ ఫిట్టెడ్' అని ఉంటేనే శబ్దం వస్తుంది.

గేజి గురించి శాస్త్రం తెలిసినవారు అడగవచ్చు. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, దాని ఎనభై ఏడో వంతు 19 చిల్లర. దొరికే పట్టాలు మాత్రం 16.5 మిల్లీమీటర్లవి, ఎందుకంటే అవి అమెరికా, ఐరోపాల గేజికి లెక్కకట్టినవి. కాబట్టి మన కుప్పం కొంచెం ఇరుకు కుప్పం అవుతుంది. ధర్మవరం-పాకాల దారి మీటర్ గేజిగా ఉన్ననాటి నమూనా కావాలంటే మాత్రం 12 మిల్లీమీటర్ల పట్టాలు దొరుకుతాయి, స్విట్జర్లాండువాళ్ళ మీటర్ గేజి బండ్ల పుణ్యమా అని.

కంట్రోలరును నేరుగా గోడ ప్లగ్గుకు కాకుండా యు.పి.ఎస్.కు తగిలించాలని సంఘం తీర్మానంలో రాయించాను. వేసవిలో మా ఊరి వోల్టేజి సంగతి నాకు తెలుసు. ఇంజను అమ్మే అంగడివాళ్ళకు ఉత్తరం కూడా పంపాం. ఆర్.ఎస్.డి.-15ను గంటసేపు ముందుకూ వెనక్కూ నడిపి, శబ్దం ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి వీడియో తీసి పంపమన్నాం. జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా పైకం పంపవద్దని కోశాధికారికి చెప్పి ఉంచాను. చిన్నాయన ఐదు వేలు మాత్రం అప్పుడే ఇచ్చేశాడు.