కొండచిలువ పిల్లకు మచ్చిక నేర్పవచ్చునా?

బోధన్ ప్రాంతపు విద్యార్థులకు చెరకు తోటలను గురించి వేరుగా చెప్పనక్కరలేదు. మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీరు, శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం కలిసి ఈ నేలను చెరకు సీమగా మార్చినవి. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడినది, సాగు తగ్గినది. అయినను చెరకు దట్టంగా నిలిచిన చోట ఎలుకలు, పందికొక్కులు చేరుతాయి. వాటిని తినే పాములూ చేరుతాయి. తోట నరికే వేళ రెండడుగుల కొండచిలువ పిల్ల కనిపిస్తే, దీనిని తెచ్చి పెంచుకుంటే ఏమి అన్న కుతూహలం యువకులకు కలగడం సహజమే. తెలుగులో కొండచిలువ అన్నా, ఉర్దూలో అజ్‌దహా అన్నా దానికి విషం లేదని అందరికీ తెలుసు గదా!

కొన్ని విదేశాలలో, బోనులలోనే పుట్టిన ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువలను చట్టబద్ధంగా పెంచుతారు. అక్కడ మచ్చిక అంటే ఏమిటో ముందు గ్రహించవలెను. కుక్క యజమానిని ప్రేమిస్తుంది, పిలిస్తే వస్తుంది. పాముకు ఆ గుణం లేదు. దానికి వెలుపలి చెవులు లేవు. నేల అదురును ఒంటితోను, వాసనను నాలుకతోను, ఎదుటి ప్రాణి వేడిని పెదవులపై గల గుంటలతోను తెలుసుకుంటుంది. పైనుండి దిగివచ్చే వెచ్చని చేయి దాని దృష్టిలో తనను ఎత్తుకుపోయే గద్ద కావచ్చును, లేదా తాను మింగవలసిన ఎలుక కావచ్చును. రెండు విధాలా కాటే గతి. ఈ చేయి శత్రువూ కాదు, ఆహారమూ కాదు అని దానికి అలవాటు చేయుటయే శిక్షణ.

అందుకు పెంపకందార్లు కొన్ని నియమాలు పాటిస్తారు. కొత్తగా వచ్చిన పిల్లను వారం రోజులు తాకరు. మేత తిన్న తరువాత రెండు రోజులు, కుబుసం విడిచే ముందు కళ్ళు పాలవలె మసకబారిన రోజులలోను దానిని ఎత్తరు. ఎలుక వాసన లేకుండా చేతులు కడుగుకుంటారు. మొదట చిన్న కొక్కెంతో ఒంటిని మెల్లగా తాకి, వచ్చినది మేత కాదని తెలియజేస్తారు. తరువాత ప్రక్క నుండి చేయి చాచి, నడుమును, తోకవైపును రెండు చేతులపై మోస్తారు. తలను పట్టరు, మెడకు చుట్టుకోరు. మొదట ఐదు నిమిషాలు, క్రమంగా పది పదిహేను నిమిషాలు, అదీ వారానికి రెండు మూడు మార్లే. ఈ నియమాలలో పాము నేర్చునది స్వల్పం, మనిషి నేర్చునదే అధికం.

ఆ ఓర్పు లోపిస్తే ఏమగునో అమెరికాలోని ఫ్లోరిడా చెప్పుతున్నది. ముచ్చటపడి కొన్న బర్మా కొండచిలువలు పెద్దవయ్యేసరికి కొందరు వదిలివేసినారు, కొన్ని తప్పించుకొన్నవి. అవి చిత్తడి అడవులలో పెరిగి అక్కడి జంతువులను హరించినవి. వాటిని వెదకుటకు 2017లో తమిళనాడు నుండి ఇరుళ తెగకు చెందిన మాసి సదయన్, వడివేల్ గోపాల్ వెళ్ళవలసి వచ్చినది. జాడలు చూచి పామును కనుగొనే వారి విద్యకు 2023లో పద్మశ్రీ లభించినది.

ఇక మన కొండచిలువ మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనిని మొదటి షెడ్యూలులో చేర్చినది. పట్టుట, ఇంట ఉంచుకొనుట నేరం. మూడేళ్ళ నుండి ఏడేళ్ళ వరకు జైలు శిక్ష ఉన్నది. చట్టం మాట అటుంచినా, తోటలో పుట్టిన పిల్ల బోనులో తరచు మేత మానివేస్తుంది. పైగా అది తోటలో ఉంటే ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తుంది.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. పొట్టిగా, లావుగా, మచ్చలతో ఉండే రక్తపింజరను చూచి కొండచిలువ పిల్ల అని భ్రమపడేవారు ఉన్నారు. రక్తపింజర వీపున గుండ్రని మచ్చలు గొలుసువలె మూడు వరుసలుగా ఉంటాయి. కొండచిలువ మచ్చలు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఈ భేదం పుస్తకంలో సులభం, చెరకు ఆకుల నీడలో కష్టం. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే శక్తిని పోగొట్టి, మూత్రపిండాలను చెడగొట్టి ప్రాణం తీస్తుంది. ఒక్క పొరపాటుతో ఒక ఇంటి దీపం ఆరిపోవచ్చును.

కనుక తోటలో ఏ పాము కనిపించినా ఐదారు గజాల దూరం జరిగి నిలవండి. పని ఆపించండి, రాళ్ళు వేయనీయకండి. పాము పోయేందుకు దారి విడవండి. పోకుంటే అటవీ శాఖవారికి తెలుపండి. కాటు పడితే కోయుట, కట్టు బిగించుట, మంత్రము అనే వాటితో కాలం వృథా చేయక, కరచిన అవయవమును కదలనీయక ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి. విరుగుడు మందు అక్కడనే ఉన్నది.

పెంపకందారు మొదటి వారం చేయి చాపక ఊరక చూచినట్లే, మనమును చూడవచ్చును. ఆ వారమును జీవితకాలం పొడిగించుకొంటే చాలు. మన సీమలో కొండచిలువ పిల్లకు ఇంతకంటె మంచి పెంపకం లేదు.