వరుస సంఖ్య వేరు, గుర్తింపు సంఖ్య వేరు

ప్రయోగ వివరాలను రిలేషనల్ డేటాబేస్‌లో భద్రపరచే విద్యార్థులు తరచుగా అడిగే సందేహం ఒకటుంది. పట్టికలో ఒక పంక్తిని తొలగించిన తరువాత 8 పక్కన 10 కనిపిస్తుంది. మధ్య ఖాళీని పూరించి, సంఖ్యలన్నింటినీ మళ్లీ వరుసలోకి తేవడం ఎలా? ఇది కష్టమైన పని కాదు, ఒకటి రెండు ఆదేశాలతో పూర్తవుతుంది. అయితే అది చేయదగిన పనేనా అన్నది ముందుగా ఆలోచించాలి.

ఒక తొలగింపు, పదిహేను తప్పులు

8 ట్రీట్‌మెంట్లు, 3 పునరావృతాలతో యాదృచ్ఛిక ఖండాల పద్ధతిలో వేసిన ఒక ప్రయోగాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 24 మడుల నుండి మట్టి నమూనాలు సేకరించి, సంచులకు 1 నుండి 24 వరకు చీటీలు కట్టి ప్రయోగశాలకు పంపాం. ఏ సంఖ్య ఏ మడిదో, ఆ మడికి ఏ ట్రీట్‌మెంట్ ఇచ్చామో నమూనాల పట్టికలో ఉంది. అవే సంఖ్యల ఎదుట ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం, లభ్య భాస్వరం విలువలు ఫలితాల పట్టికలో ఉన్నాయి. రెండింటినీ కలిపే ఆధారం ఆ సంఖ్య ఒక్కటే.

9వ నమూనాలో పక్క మడి మట్టి కలిసిందని ఆలస్యంగా తెలిసి, విద్యార్థి తన పట్టికలో ఆ పంక్తిని తొలగించాడనుకుందాం. వరుస తప్పకూడదని 10ని 9గా, 11ని 10గా, చివరకు 24ను 23గా మార్చాడు. ఫలితాల పట్టికలో మాత్రం పాత సంఖ్యలే ఉన్నాయి. ఇప్పుడు రెండు పట్టికలను కలిపితే 9 నుండి 23 వరకు 15 పంక్తులలో ఒక మడి ఎదుట మరొక మడి విలువ చేరుతుంది. జత దొరకని 24వ ఫలితం చడీచప్పుడు లేకుండా జారిపోతుంది. మొదటి పునరావృతం చెక్కుచెదరదు. రెండవది, మూడవది మొత్తంగా తారుమారవుతాయి.

సాఫ్ట్‌వేర్ ఏ దోషాన్నీ చూపదు. ప్రతి విలువా నమ్మదగినదిగానే కనిపిస్తుంది, విశ్లేషణ కూడా సాఫీగా సాగుతుంది. కాని ట్రీట్‌మెంట్ల మధ్య నిజంగా ఉన్న వ్యత్యాసం ప్రయోగ దోషంలో కలిసిపోవచ్చు. అప్పుడు ఒక పంటకాలపు శ్రమ అంతా, గణనీయమైన తేడా లేదన్న ఒక్క వాక్యంగా సిద్ధాంత గ్రంథంలో మిగులుతుంది.

పట్టికల మధ్య ఫారిన్ కీ సంబంధం ఏర్పరచి, ఒకచోట మార్చిన సంఖ్య మిగిలినచోట్ల తానుగా మారేటట్లు చేయవచ్చు. ఆ రక్షణ డేటాబేస్ లోపలి వరకే. సంచికి కట్టిన చీటీ, ఫీల్డ్ బుక్కులోని రాత దానితోపాటు మారవు. 2015లో ఆరంభమైన భూసార ఆరోగ్య కార్డుల పథకం వంటి విస్తరణ కార్యక్రమాలలో ఈ ప్రమాదం ఇంకా తీవ్రమైనది. రైతు చేతిలోని కార్డుపై ఒక సంఖ్య, మన పట్టికలో మరొక సంఖ్య ఉంటే పొరుగువాని పొలానికి చెందిన ఎరువుల సిఫారసు అతనికి చేరుతుంది.

ఖాళీలు ఎందుకు ఏర్పడతాయి?

1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో పట్టిక అంటే పంక్తుల సమితి. సమితిలో ముందు వెనుకలు ఉండవు. కనుక ప్రైమరీ కీ చెప్పేది పంక్తి ఎన్నవదో కాదు, అది ఏదో మాత్రమే.

తొలగింపులతో పాటు, మధ్యలో రద్దయిన నమోదులు కూడా ఖాళీలకు కారణమే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సీక్వెన్స్ ఒకసారి ఇచ్చిన సంఖ్యను, నమోదు రద్దయినా వెనక్కు తీసుకోదు. అలా తీసుకోవాలంటే ఒకరి నమోదు ముగిసేవరకు మిగిలినవారు వేచి ఉండవలసి వస్తుంది. సీక్వెన్స్‌ను వదిలి, ఉన్న గరిష్ఠ సంఖ్యకు ఒకటి కలిపే పద్ధతిని ఆశ్రయిస్తే, రెండు గ్రామాల నుండి ఒకే క్షణంలో నమోదు చేసే ఇద్దరికీ ఒకే సంఖ్య వచ్చే అవకాశముంది.

మనకు తెలిసిన సంప్రదాయమే

ఈ నియమం మనకు కొత్తది కాదు. జన్యు బ్యాంకుల కోసం రూపొందిన పంటల వివరణికలు, ఒక నమూనా నశించినా దాని ప్రవేశ సంఖ్యను మరొక దానికి ఇవ్వరాదని నిర్దేశిస్తున్నాయి. ఎన్నో ఏళ్ల పరిశోధన పత్రాలలో ఆ సంఖ్య ఆ విత్తనానికే పేరుగా నిలిచి ఉంటుంది మరి. క్షేత్ర ప్రయోగాలలోనూ మొదటి పునరావృతానికి 101 నుండి 108, రెండవదానికి 201 నుండి 208 అని మడులకు సంఖ్యలు వేస్తాం. 108 తరువాత 201 రావడం ఎవరికీ లోపంగా తోచదు.

వరుస నిజంగా కావలసినప్పుడు

నివేదికలో 1, 2, 3 అని వరుస కావాలంటే దానిని పట్టికలో నిల్వ చేయనవసరం లేదు. 2003 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో చేరిన రో నంబర్ ఫంక్షన్, మనం కోరిన క్రమంలో పంక్తులను అమర్చి అప్పటికప్పుడు వరుస సంఖ్యలిస్తుంది. పునరావృతాల వారీగా విభజించమంటే ప్రతిదానిలోనూ మళ్లీ 1 నుండి మొదలుపెడుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఈ సౌకర్యం 8.0 నుండి ఉంది.

రసీదులు, విత్తన నిల్వల రిజిస్టరు వంటి వాటిలో మాత్రం మధ్య సంఖ్య లేకపోవడమే అనుమానానికి తావిస్తుంది. అక్కడ గుర్తింపు సంఖ్యతో సంబంధం లేకుండా వేరొక లెక్కింపు పట్టికను నిర్వహించాలి. నమోదు జరిగే ట్రాన్సాక్షన్‌లోనే ఆ పట్టికకు తాళం వేసి తరువాతి సంఖ్యను తీసుకోవాలి. దీనివల్ల వేగం కొంత తగ్గినా వరుస తప్పదు. చెల్లని రసీదును తుడిచివేయరాదు, రద్దు అని గుర్తించి ఉంచాలి.

పై ఉదాహరణలోని విద్యార్థి చేయవలసిందీ అదే. 9వ పంక్తిని తొలగించకుండా, స్థితి అనే గడిలో తిరస్కృతం అని రాసి, కారణాన్ని, తేదీని చేర్చి, విశ్లేషణలో ఆ పంక్తిని మినహాయిస్తే సరిపోయేది. పదేళ్ల తరువాత ఆ సమాచారాన్ని తెరిచేవారికి 9వ నమూనా ఏమైందో తెలుస్తుంది, 10వ సంచిలోని మట్టి 10వ మడిదేనన్న నమ్మకమూ నిలుస్తుంది.