కాల్షియం మాత్ర కొనే ముందు ఒక్కసారి స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడండి

ఈ ఎపిసోడ్‌లో ఎముకల బలానికి వేసుకునే మాత్రల గురించి మాట్లాడుకుందాం. కాల్షియం, డి విటమిన్, కె2, కొల్లాజెన్ అంటూ మెడికల్ షాపులో ఒక అర నిండా ఉంటాయి. ఏది కొనాలి, ఎంత వేసుకోవాలి, ఎప్పుడు వేసుకోవాలి, అసలు మనకి అవసరమా? ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఒక విషయం చెప్తాను. ఆ మధ్య మా దగ్గరికి 66 ఏళ్ల అమ్మగారిని తీసుకొచ్చారు. వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాట కూడా కాస్త తడబడుతోంది. ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకుని పది రోజులు గ్యాస్ మందులే వాడారు. రక్తపరీక్ష చేస్తే కాల్షియం 13 ఉంది. మామూలుగా పదిన్నర దాటకూడదు. సంచీలో ఉన్న మందులన్నీ బల్ల మీద పెట్టమన్నాను. అందులో 60,000 యూనిట్ల డి విటమిన్ పొడి ప్యాకెట్లు ఉన్నాయి. వారానికి ఒకటి వేసుకోవాల్సింది ఆవిడ రోజుకొకటి చొప్పున నెలన్నర పాటు పాలల్లో కలుపుకుని తాగేశారు. చీటీ ఇంగ్లీషులో ఉంది, షాపులో ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆస్పత్రిలో ఉంచి సెలైన్లు పెట్టి, మందులిచ్చి తగ్గించారు. డి విటమిన్ కొవ్వులో నిల్వ ఉండిపోతుంది కాబట్టి పూర్తిగా కోలుకోవడానికి వారాలు పట్టింది. బలానికి వేసుకునేదే కదా, ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకుంటాం చూడండి, అందుకే ఈ ఎపిసోడ్.

సరే, మొదటి ప్రశ్న. మనకి ఎంత కాల్షియం కావాలి? పెద్దవాళ్లకి రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాములు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకి 1200. ఇది తిండి, మాత్ర అన్నీ కలిపిన లెక్క. చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. 1000 కావాలన్నారు కదా అని 500 మాత్రలు రెండు మొదలుపెట్టేస్తారు. తిండిలో వచ్చేది లెక్కలోకే తీసుకోరు.

మీ వంటింటి లెక్క వేద్దాం. నీళ్లు కలపని పాలు ఒక గ్లాసు తాగితే 240 దాకా వస్తుంది. ఒక కప్పు గడ్డ పెరుగులో 200 దగ్గర. 50 గ్రాముల రాగిపిండితో జావో సంగటో చేసుకుంటే మరో 170, 180. ఇక్కడికే 600 దాటింది. పప్పులు, ఆకుకూరలు, మునగాకు, పొట్టు తీయని నువ్వుల పొడి ఒక చెంచా, ఇవన్నీ కలిపితే ఇంకో 150 అనుకోండి. మొత్తం 750 పైచిలుకు. 1200 కావాల్సిన మనిషికి తక్కువయ్యేది 450. అంటే 500 మాత్ర ఒక్కటి చాలు. ఇవన్నీ రోజూ తినే ముప్పై ఏళ్ల మనిషికైతే ఆ ఒక్కటి కూడా అక్కర్లేకపోవచ్చు. అదే పాలు, పెరుగు ముట్టని మనిషైతే లెక్క వేరు. ఇంకోమాట, టీలో పోసే పాలని గ్లాసు పాల కింద లెక్కేసుకోకండి. పాలకూరలోనూ కాల్షియం ఉంది కానీ అందులోని ఆక్సలేట్లు దాన్ని పట్టి ఉంచుతాయి, ఒంటికి పట్టేది తక్కువ.

ఇప్పుడు స్ట్రిప్ వెనక్కి తిప్పండి. పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె కాదు, ఎలిమెంటల్ కాల్షియం అని ఎక్కడ రాసి ఉందో అది చూడండి. కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాముల మాత్రలో అసలు కాల్షియం 500. బరువులో 40 శాతం అన్నమాట. అదే కాల్షియం సిట్రేట్ 1000 మిల్లీగ్రాముల మాత్రలో అసలు కాల్షియం 210 మాత్రమే. పైన 1000 అని చూసి ఇదే ఎక్కువ అనుకుంటే మోసపోతాం. ధర పోల్చేటప్పుడు కూడా 500 ఎలిమెంటల్‌కి ఎంత పడుతోందో చూసుకోండి.

మరి కార్బొనేటా, సిట్రేటా? కార్బొనేట్ చవక, ఎక్కువమందికి అదే సరిపోతుంది. కాకపోతే అది కరగాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి. అందుకే భోజనం తర్వాతే వేసుకోవాలి. పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర, అదే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి, ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లకి ఆ యాసిడే తక్కువ. వాళ్లకి సిట్రేట్ నయం. కార్బొనేట్‌తో మలబద్ధకం, కడుపుబ్బరం వచ్చేవాళ్లకి కూడా అంతే. సిట్రేట్ తిన్నాక అయినా, ఖాళీ కడుపున అయినా వేసుకోవచ్చు.

ఒకేసారి 500కి మించి వేసుకోవద్దు. ఎక్కువ వేసుకున్నకొద్దీ ఒంటికి పట్టే శాతం తగ్గిపోతుంది. రెండు కావాలంటే మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి.

ఇక్కడ బాగా గుర్తుపెట్టుకోండి. థైరాయిడ్ మాత్రకీ కాల్షియానికీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగ్గా పట్టదు. డోసు పెంచుతూ పోతారు కానీ అసలు కారణం ఇది. ఐరన్ మాత్రకీ కనీసం రెండు గంటలు ఎడం ఇవ్వండి. గర్భిణులు ఇది తప్పకుండా పాటించాలి. కొన్ని యాంటీబయాటిక్స్‌కి కూడా అడ్డం పడుతుంది కాబట్టి డాక్టరు గారు కొత్త మందు రాస్తే నేను కాల్షియం వాడుతున్నానని చెప్పండి.

ఇక డి విటమిన్. ఇది లేకపోతే తిన్న కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి సరిగ్గా చేరదు. రోజుకు కావాల్సింది 600 నుంచి 800 యూనిట్లు. పొద్దున ఆరు గంటల లేత ఎండలో నిలబడితే వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ ఎండలో దానికి కావాల్సిన కిరణాలు చాలా తక్కువ. పదకొండు దాటాక, చేతులు, కాళ్లు బయటికి కనిపించేలా కాసేపు ఉంటే పనిచేస్తుంది. పరీక్షలో 20 కన్నా తక్కువ వస్తే డాక్టర్లు మామూలుగా 60,000 యూనిట్లు వారానికి ఒకటి, ఎనిమిది వారాలు రాస్తారు. ఆ తర్వాత తగ్గిస్తారు. కోర్సు అయిపోయాక మీ అంతట మీరు మళ్లీ కొనుక్కోవద్దు. క్యాలెండర్‌లో ఆదివారం గడిలో గుర్తు పెట్టుకుని వేసుకోండి, పొరపాటు జరగదు.

ఇంకో మెలిక. కొన్ని కాల్షియం క్యాప్సూల్స్‌లో కాల్సిట్రియాల్ అని ఉంటుంది. అది డి విటమిన్ చివరికి మారే చురుకైన రూపం. రక్తంలో కాల్షియాన్ని త్వరగా పెంచుతుంది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా దాన్ని ఏళ్ల తరబడి వాడకూడదు.

కె2 గురించి అడుగుతారు. అందరికీ అవసరమని చెప్పేంత రుజువు లేదు. వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మందు వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు. గ్లూకోసమైన్ అమ్మేది కీళ్ల కోసం, ఎముక గట్టిపడటానికి కాదు. కోరల్ కాల్షియం అని ఖరీదుగా అమ్మేది కూడా చివరికి కార్బొనేటే.

ఇన్ని మాత్రలు వేసుకుంటే ఎముక విరగదా? నిజం చెప్పుకోవాలి. అమెరికాలో దాదాపు 26 వేల మంది మీద జరిగిన వైటల్ అనే పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలు ఆరోగ్యంతో ఉన్నవాళ్లకి రోజుకు 2000 యూనిట్ల డి విటమిన్ ఇచ్చినా ఎముకలు విరగడం తగ్గలేదు. లోటు ఉన్నవాళ్లకి లోటు తీర్చాలి, అంతవరకే. కాల్షియం మాత్రలు అవసరానికి మించితే కిడ్నీలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇంతకుముందు రాళ్లు వచ్చినవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఉచిత శిబిరంలో మడమ దగ్గర మిషన్ పెట్టి ఎముక అరిగిందన్నారని కంగారుపడి నెలకి సరిపడా మందులు కొనేయకండి. అది సూచన మాత్రమే. తేల్చి చెప్పేది నడుముకీ తుంటికీ చేసే డెక్సా స్కాన్. అందులో టీ స్కోరు మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువ వస్తే ఎముకలు గుల్లబారినట్టు. దానికి వేరే మందులున్నాయి. కాల్షియం ఒక్కటే వేసుకుంటూ కూర్చుంటే కాలం వృథా అవుతుంది.

మందు ఏదైనా, రోజూ నడక, కాస్త బరువులెత్తడం, తగినంత పప్పు, గుడ్డు లాంటి మాంసకృత్తులు, బాత్రూమ్‌లో జారకుండా పట్టుకోవడానికి ఒక కడ్డీ, ఇవి మర్చిపోవద్దు. పెద్దవాళ్లలో తుంటి విరిగేది ఎక్కువగా జారిపడటం వల్లే.

ఈ రోజు ఒక్క పని చేయండి. ఇంట్లో అమ్మ, నాన్న, అత్తగారు వాడే మాత్రలన్నీ ఒకచోట పెట్టి, ఏది రోజూ, ఏది వారానికోసారి అని కవరు మీద తెలుగులో రాసి పెట్టండి. మా అమ్మగారి ఇంట్లో ఆ ఒక్క మాట రాసి ఉంటే ఆవిడకి ఆస్పత్రి తప్పేది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.