మూట కట్టిన మాట

రాయచూరులో బయల్దేరి మంత్రాలయం రోడ్డు వైపు వెళ్లే రైలు మట్మారి మీదుగా పోవాలి. ముందు స్టేషను నుంచి లైన్ క్లియర్ రాలేదంటే బండి మట్మారిలోనే నిలబడిపోతుంది. జనం విసుక్కుంటారు, దిగి ఒళ్లు విరుచుకుంటారు. అంతేగానీ బండిని వెనక్కి రాయచూరు తోలి, అక్కణ్నుంచి మళ్లీ మొదలుపెట్టమని ఎవరూ అనరు. వచ్చినంత దూరం వచ్చినట్టే. దారి దొరగ్గానే కదులుతుంది.

మన ఫోన్లలోని ఇంటర్నెట్‌కు ఈ ఇంగితం తక్కువ. దాన్ని నడిపే టీసీపీ పద్ధతిలో ముందుగా రెండు కొసల మధ్య ‘ఉన్నావా?’, ‘ఉన్నాను’ అనే పలకరింపు జరగాలి. పంపిన ముక్కకు రసీదు రాకపోతే, మొదట పంపిన కంప్యూటరే దాన్ని మళ్లీ పంపాలి. మధ్యలో ఉండే రౌటరు ముక్కను రెప్పపాటు మాత్రమే పట్టుకుంటుంది. ముందుకు తోవ లేకపోతే పారేస్తుంది. భూమ్మీద ఇది బ్రహ్మాండంగా నడిచింది. అంగారకుడి దాకా మాత్రం రేడియో సంకేతానికి ఒకవైపు ప్రయాణమే 3 నుంచి 22 నిమిషాలు. ‘ఉన్నావా’ అని అడిగి ‘ఉన్నాను’ వినేసరికి ఇంట్లో అన్నం ఉడికిపోతుంది. పైగా అంతరిక్ష నౌక గ్రహం చాటుకు పోతుంది. భూమ్మీది పెద్ద యాంటెన్నాకు మనకు కావాల్సిన గంటలో ఇంకో నౌకతో పని ఉంటుంది.

ఆ టీసీపీ సృష్టికర్తల్లో ఒకరైన వింట్ సెర్ఫ్, 1998లో నాసా వారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీకి వెళ్లి ఏడ్రియన్ హుక్, స్కాట్ బర్లీ వంటివారితో కూర్చున్నారు. తన బిడ్డ అంతరిక్షంలో నెగ్గుకురాలేడని తండ్రే ఒప్పుకున్నట్టు! వాళ్ల చర్చల్లోంచి వచ్చిందే ‘బండిల్ ప్రోటోకాల్’. బండిల్ అంటే మూట. చెప్పాల్సినదంతా, చేరాల్సిన చిరునామాతో, ఎంతకాలం పనికొస్తుందో రాసి ఒక్క మూటగా కట్టేస్తారు. దారిలో ప్రతి మజిలీ దాన్ని తన దగ్గరే దాచుకుని, తర్వాతి మజిలీ కనబడినప్పుడు అందిస్తుంది. గంట పట్టినా, రోజు పట్టినా సరే. ఈ మూట కింద ఎలాంటి నెట్‌వర్కు ఉన్నా ఫరవాలేదు. బొంబాయి వైపు నుంచి వచ్చిన జీఐపీ కంపెనీ రైలుమార్గం, మట్మారి మీదుగా వచ్చిన మద్రాసు రైల్వే 1871లో రాయచూరులో కలిశాయి. కంపెనీలు వేరైనా టపా సంచి మారలేదు కదా, అలాగన్నమాట.

ఈ సూత్రాలకు బర్లీ బృందం ఇచ్చిన సాఫ్ట్‌వేర్ రూపం ‘ఇంటర్‌ప్లానెటరీ ఓవర్‌లే నెట్‌వర్క్’, పొట్టిగా అయాన్. సీ భాషలో రాశారు. నాకు ముచ్చటేసేది దాని పిసినారితనం. నౌకలోని కంప్యూటరు చిన్నది. ఎగురుతూ ఉండగా ఇంకాస్త మెమరీ కావాలని అడగడం అక్కడ నిషిద్ధం, ఎందుకంటే లేదన్న జవాబొస్తే వెళ్లి స్విచ్చి నొక్కేవాళ్లెవరూ ఉండరు. అందుకని అయాన్ మొదట్లోనే ఒక గది అద్దెకు తీసుకున్నట్టు కొంత మెమరీ తీసుకుని, అందులోనే సర్దుకుంటుంది. సరుకును ఒకచోటి నుంచి ఇంకోచోటికి నకలు చెయ్యడం కూడా వీలైనంత మానుకుంటుంది.

దారి వెతకడంలోనూ అంతే పొదుపు. ఏ నౌక ఏ యాంటెన్నాకు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా కనబడుతుందో గ్రహగతుల లెక్క ముందే చెబుతుంది. ఆ పట్టికను ప్రతి మజిలీకీ ఇచ్చేస్తే చాలు, రైల్వే టైమ్‌టేబుల్ చూసి ఎక్కడ బండి మారాలో తేల్చుకున్నట్టు మూట తన తోవ తాను తేల్చుకుంటుంది. పైగా గ్రహాలు మన రైళ్లలా ఆలస్యంగా నడవవు.

2008 అక్టోబరులో దీనికి పరీక్ష వచ్చింది. 2005లో ఒక తోకచుక్కను ఢీకొట్టించిన డీప్ ఇంపాక్ట్ నౌక అప్పుడు ఇంకో తోకచుక్క వైపు పోతోంది. దానిలోకి అయాన్‌ను ఎక్కించారు. భూమికి సుమారు 3 కోట్ల 20 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ నౌక అంగారకుడి చుట్టూ తిరిగే మజిలీగా నటించింది. మిగతా తొమ్మిది మజిలీలూ లాబొరేటరీలోని కంప్యూటర్లే. నెల పాటు వందలాది బొమ్మలు ఇటూ అటూ నడిచాయి.

అయితే ఈ మూట విద్య మనవైపు అంతకంటే ముందే నడిచింది. 2003 ప్రాంతంలో కర్ణాటకలోని దొడ్డబళ్లాపుర తాలూకాలో, ఎంఐటీ నుంచి వచ్చినవాళ్ల ‘డాక్‌నెట్’ ప్రభుత్వ బస్సులో ఒక వైర్‌లెస్ పెట్టెను పెట్టింది. భూమి రికార్డుల కోసం పల్లె కియోస్కుల్లో పెట్టుకున్న దరఖాస్తులను బస్సు తీసుకెళ్లి తాలూకా సర్వరుకు అప్పజెప్పేది. పేరులోని డాక్ అంటే మన టపాయే. 2006 మేలో విశాఖ జిల్లా ఆనందపురంలో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు, ఎస్. కేశవ్ నాయకత్వంలో, ‘కియోస్క్‌నెట్’ను పరీక్షించారు. వచ్చిపోయే వాహనంలో ఒక చిన్న కంప్యూటరు పెట్టి, వాహనం బ్యాటరీతోనే నడిపారు. ఊళ్లో మూటలు ఎక్కించుకోవడం, ఇంటర్నెట్ ఉన్న పట్నంలో దించడం దాని పని. అందులో వాడింది ఇలా ఆలస్యాన్ని ఓర్చుకునే నెట్‌వర్కుల పరిశోధన బృందం అందరికీ ఉచితంగా ఇచ్చిన సాఫ్ట్‌వేరే. అయాన్‌కు అన్నదమ్ముల వరస. తర్వాత ఊరూరా సెల్ టవర్లు లేచాయి, బస్సు ఇంటర్నెట్ గురించి అడిగేవాళ్లు తగ్గారు. వాన పడితే సిగ్నల్ పోయే ఊళ్లు ఇంకా ఉండగా ఆ ఆలోచనను అంత తొందరగా అటకెక్కించడం నాకు నచ్చలేదు.

అంతరిక్షంలో మాత్రం మూట పెరుగుతూ వచ్చింది. 2016లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో రోజువారీ వాడుకలోకి వచ్చింది. 2022లో కొరియా చంద్రనౌక దానూరి, బీటీఎస్ కుర్రాళ్ల పాట వీడియోను ఈ పద్ధతిలోనే భూమికి పంపింది. 2024 ఫిబ్రవరి 8న ఎగిరిన పేస్ ఉపగ్రహం సముద్రాల సమాచారాన్ని మూటల్లోనే దించుతోంది. లేజరుతో సమాచారం పంపే వేగం ముందు అయాన్ నెమ్మది అనిపించి, నాసా గ్లెన్ కేంద్రం హెచ్‌డీటీఎన్ అనే ఇంకో సాఫ్ట్‌వేరును రాసింది. 2024లో విమానం నుంచి అంతరిక్ష కేంద్రానికి 4కే వీడియో పంపింది దానితోనే. అదీ ఓపెన్ సోర్సే.

అయాన్ కోడ్ ఎవరైనా దించుకోవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. రాయచూరులోనో కర్నూలులోనో ఇంజనీరింగ్ చదివే పిల్లలు రెండు లైనక్స్ ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టుకుని ఎక్కించి చూడండి. ఒకదాని నుంచి ఫోటో పంపబోయే ముందు మధ్య వైరు పీకేయండి. పంపండి. భోంచేసి వచ్చి వైరు తగిలించి, రెండో తెర చూడండి.