గజమెక్కిన బిడ్డకై ఒక తల్లి మొక్కు

ఆషాఢమాసంలో పాతబస్తీ బోనాలు ముగిసిన మరునాడు మీరెప్పుడైనా చార్మినార్ దాపున నిలిచి చూశారా? హరిబౌలిలోని అక్కన్న మాదన్న మహంకాళి ఆలయం నుండి అమ్మవారి ఘటం గజారూఢమై బయలుదేరుతుంది. డప్పుల హోరు, పోతరాజుల చిందులు, వేపమండల వాసన. ఆ జనసందోహంలో బిడ్డను చంకనెత్తుకొని, ఏనుగు దాటిపోయేవరకు కన్నార్పక చేతులు జోడించి నిలిచే తల్లి ఒకతె తప్పక కనబడుతుంది. ఏ జ్వరం నాటి మొక్కో, ఏ గండం గడిచిన మొక్కో ఆమెకే తెలుసు.

ఏనుగు, తల్లి, మొక్కు. ఈ మూడింటితో ముడిపడిన ఒక పాతకథ ఈ దారికి కూతవేటు దూరంలోనే ఉంది. చార్మినార్‌కు పడమరగా నడిస్తే హుస్సేనీ ఆలం అనే పేట వస్తుంది. ఆ పేటలోని పీరు పేరే పేటకూ వచ్చింది. దాదాపు నాలుగు వందల యేండ్ల క్రితం ఒక రాజమాత ఇక్కడికి వచ్చి తన మొక్కు తీర్చుకొన్నది. ఆమె హయాత్ బక్షీ బేగం. జనం నోట 'మా సాహెబా', అనగా అమ్మగారు. ఆమె మతం వేరైనా, ఆమె గుండెలోని భయం మన ఇంటి తల్లులందరూ ఎరిగినదే.

1591లో ఈ నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు ఆమె ఏకైక సంతానం. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న ఇబ్రహీం కుతుబ్‌షాకు మనుమరాలు. గోలకొండ ఐదవ సుల్తానుకు కూతురు, ఆరవ సుల్తానుకు ఇల్లాలు, ఏడవ సుల్తానుకు తల్లి. భర్త 1626లో కన్నుమూసేనాటికి కొడుకు అబ్దుల్లాకు పన్నెండేండ్లు. సింహాసనం మీద కూర్చున్నది బాలుడు. రాజ్యభారం మోసినది తల్లి.

ఇక ఏనుగు మాట. అబ్దుల్లా ఎక్కిన ఏనుగుకు మదమెక్కింది. మావటిని చంపి, పసివాడిని వీపున పెట్టుకొని అడవిలోకి పరుగెత్తింది. దగ్గరకు పోవడానికి ఎవరికి ధైర్యం? తరుముదామంటే వీపు మీది బిడ్డకే ముప్పు. అప్పుడా తల్లి చేసిన పనిని జనశ్రుతి నేటికీ చెప్పుకొంటున్నది. ఏనుగు తిరిగే దారుల పొడవునా, వీపు మీదినుండి చేయి చాచితే అందేటంత ఎత్తున అన్నమూ నీరూ పెట్టించింది. బిడ్డ ఎన్ని దినాలకు తిరిగి వస్తాడో తెలియదు, అసలు వస్తాడో రాడో తెలియదు. అయినా ఆకలితో మాత్రం ఉండరాదు. ఆపై మొక్కుకొన్నది: వాడు క్షేమంగా ఇల్లు చేరితే ఏనుగు కాలి సంకెల వంటి గొలుసును బంగారంతో చేయించి హుస్సేనీ ఆలంకు సమర్పిస్తానని.

పాఠకులారా, ఈ కథ విన్నప్పుడల్లా నాకు బంగారం కన్న ఆ అన్నమే ముందు గుర్తుకొస్తుంది. దైవం మీద భారం వేసి చేతులు ముడుచుకొని కూర్చోలేదామె. అలాగని తన ఉపాయాన్ని నమ్ముకొని దైవాన్ని మరువనూ లేదు. ఒక చేత్తో అన్నం, ఒక చేత్తో మొక్కు. మన అమ్మమ్మలు బిడ్డకు కషాయం పోస్తూనే ముడుపు కట్టేవారు కాదా?

ఏనుగు శాంతించింది, బిడ్డ ఇల్లు చేరాడు. తల్లి మాట తప్పలేదు. బంగారు సంకెలను ఊరేగింపుగా హుస్సేనీ ఆలంకు తెచ్చి, దానిని ముక్కలు చేయించి పేదలకు పంచిపెట్టించిందని చెబుతారు. సంకెలకు పారసీకంలో 'లంగర్' అని పేరు. ఆనాటి నుండి మొహర్రం ఐదవనాడు లంగర్ ఊరేగింపు ఆచారమైంది. నిజాముల ఏలుబడిలో అది బారులు తీరిన సైన్యాల కవాతుగా పెరిగిపోయింది. ఆ సైనిక వైభవం నేడు లేదు. పీర్ల పండుగకు మొక్కుకొనే హిందూ కుటుంబాలు మాత్రం తెలంగాణ పల్లెల్లో నేటికీ ఉన్నాయి.

ఆపద మరొకమారు వచ్చింది, ఈసారి ఏనుగు రూపంలో కాదు. 1656లో దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు గోలకొండ మీదికి దండెత్తాడు. అతని కొడుకు మహమ్మద్ సుల్తాన్ సేనలు హైదరాబాదును కొల్లగొట్టాయి. అబ్దుల్లా పారిపోయి కోటలో తలదాచుకొన్నాడు. కోట చుట్టూ మొగలుల ముట్టడి. మా సాహెబాకు పెండ్లి జరిగి అప్పటికి సుమారు అర్ధశతాబ్దం. కొడుకు నడివయస్సు దాటినవాడు, మనుమరాండ్రు ఎదిగినవారు. ఆ వయస్సులో ఆమె కోట తలుపులు దాటి, స్వయంగా శత్రువు శిబిరానికి వెళ్ళి సంధిమాటలు నడిపింది. ఆమె తెచ్చిన సంధి చౌకది కాదు. కోటి రూపాయల పరిహారం, పైగా మనుమరాలిని మహమ్మద్ సుల్తానుకిచ్చి వివాహం. ఢిల్లీ నుండి షాజహాను ఆజ్ఞ కూడా రాగా మార్చి నెలాఖరుకు ముట్టడి తొలగింది. మనుమరాలి జీవితాన్ని పణం పెట్టి కొడుకు రాజ్యాన్ని కాపాడుకోవడం ఆ నాయనమ్మకు ఎంత బరువైనదో చరిత్రకారులు వ్రాయలేదు. ఆడపడుచుల పెండ్లిండ్లతో రాజ్యాలు నిలుపుకొన్న కాలమది. మెచ్చుకోవాలో నొచ్చుకోవాలో తోచదు.

సాహసం ఆ ఇంటి ఆడవారికి అలవాటే కాబోలు. ఆమె కుమార్తె ఖదీజా సుల్తానా బిజాపూరు రాణియై, 1660ల ఆరంభంలో డచ్చివారి ఓడనెక్కి సముద్రం మీదుగా మక్కా యాత్ర చేసింది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మనవారు చెప్పుకొనే రోజులవి!

1667లో మా సాహెబా కన్నుమూసింది. కోట కూలలేదు. మరో ఇరవై యేండ్లు గోలకొండ నిలిచింది. ఆ ఇరవై యేండ్లలోనే ఆమె మనుమరాలి భర్త అబుల్ హసన్ తానీషా గద్దెనెక్కాడు, అక్కన్న మాదన్నలు మంత్రులయ్యారు, వారి మేనల్లుడు కంచర్ల గోపన్న భద్రాద్రి రామునికి కోవెల కట్టి చెరసాల పాలై రామదాసుగా మనకు దక్కాడు. 1656లో ఆ వృద్ధురాలు శిబిరానికి వెళ్ళకపోయి ఉంటే ఈ చరిత్ర ఏ దారి పట్టేదో!

గోలకొండ దాపున కుతుబ్‌షాహీ సమాధుల నడుమ ఆమె సమాధి ఉంది. భర్త, తండ్రి, కొడుకు అందరూ ఆ చుట్టుపక్కలనే నిద్రిస్తున్నారు. సమాధి ప్రక్కన పెద్ద మసీదు. విజయవాడ దారిలోని హయత్‌నగర్ ఆమె పేరు మీద వెలసినదే. అక్కడి మసీదు వద్ద 'హాథీ బావలి' అనే విశాలమైన దిగుడుబావి ఉంది. హాథీ అంటే ఏనుగే!

ఇక నగరం నడుమ మా సాహెబా చెరువు ఉండేది. చెరువు పోయింది, పేరు జనం నాలుకల మీద నలిగి మాసబ్ ట్యాంక్ అయింది. మెహదీపట్నం పోయే బస్సులో కండక్టరు ఆ పేరు కేకవేసినప్పుడు దిగేవారు దిగుతారు, ఎక్కేవారు ఎక్కుతారు. చంటిబిడ్డలను ఎత్తుకొన్న తల్లులకు ముందు సీటు ఖాళీ చేసి ఇస్తారు.